పాత బోర్డులో 1600 ర్యామ్: ఒక సిస్టమ్‌లో పనిచేసింది, పక్క సిస్టమ్‌లో ఎందుకు పనిచేయలేదు?

పర్లాకిమిడిలో మా చిన్నాన్నకి డీటీపీ షాపు ఉంది. నాలుగడుగులు వేస్తే పాతపట్నం, అంటే ఆంధ్రా. అందుకే పెళ్లి కార్డు ఒక పక్క తెలుగులో, రెండో పక్క ఒడియాలో అడుగుతారు. షాపులో రెండు సిస్టమ్‌లు. ఒకటి కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, జీ41 చిప్‌సెట్ బోర్డు, అందులో 2 జీబీ ర్యామ్. రెండోది ఐ3 2100 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 4 జీబీ ర్యామ్. మొదటి బోర్డు కాగితం మీద ర్యామ్ వేగం 1066 అనీ, రెండో దాని మీద 1333 అనీ రాసి ఉంటుంది.

ముహూర్తాల సీజను ముందు చిన్నాన్న విశాఖ నుంచి సెకండ్ హ్యాండ్‌లో రెండు 4 జీబీ డీడీఆర్3 స్టిక్కులు తెప్పించాడు. రెండూ 1600 వేగానివి. హెచ్61లో ఒకటి పెట్టగానే 8 జీబీ చూపించింది. జీ41లో రెండోది పెడితే ఫ్యాను తిరిగింది గానీ స్క్రీన్ మీద ఏమీ రాలేదు. పొడుగ్గా బీప్ మోత. అక్కడి మెకానిక్ చూసి, "బోర్డు 1066ది, ర్యామ్ 1600ది. స్పీడు కుదర్లేదు" అన్నాడు.

చిన్నాన్న బరంపురంలో ఉన్న నాకు ఫోన్ చేశాడు. "ఏరా, స్పీడు కుదరకపోతే ఆ 1333 దాన్లో 1600 ఎలాగ కుదిరిందిరా? రెండిటికీ తేడాయే కదా?"

సరిగ్గా అడగాల్సిన ప్రశ్న అది. సిస్టమ్‌లు బాగుచేసే పనిలో ఇన్నేళ్లుగా ఉన్నా, "స్పీడు కుదరలేదు" అన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోవడం చూస్తున్నాను. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే కొంచెం లోపలికి వెళ్లాలి.

ఈ ప్రశ్న ఇప్పుడు ఎక్కువగా ఎందుకు వస్తోంది

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపు 8వ తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. కొత్తది కొందామంటే, కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర నుంచి ర్యామ్ ధరలు బాగా ఎగబాకాయి. దాంతో చిన్న షాపులూ, చదువుకునే పిల్లలున్న ఇళ్లూ ఉన్న పాత సిస్టమ్‌కే ఇంకొంచెం ర్యామ్ వేసుకుందామని చూస్తున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో దొరికేది చాలాసార్లు బోర్డు అడిగిన వేగం కన్నా ఎక్కువ వేగానిదే ఉంటుంది. "పెట్టొచ్చా? బోర్డు కాలిపోదు కదా?" అన్న భయం అక్కడే మొదలవుతుంది.

స్టిక్కు మీది అంకె ఏం చెబుతోంది

డీడీఆర్3 1600 అంటే ఒక్కో తీగ మీద సెకనుకి 160 కోట్ల సార్లు డేటా పంపగలదని అర్థం. ఒక్కోసారికి 64 బిట్లు, అంటే 8 బైట్లు వెళ్తాయి. 1600ని 8తో గుణిస్తే 12,800. అందుకే అదే స్టిక్కు మీద పీసీ3-12800 అనీ ఉంటుంది. 1333ని 8తో గుణిస్తే సుమారు 10,600, అది పీసీ3-10600. రెండు అంకెలూ ఒకే సంగతిని రెండు కొలతల్లో చెబుతున్నాయి. ఇవి రెండు వేర్వేరు రకాల ర్యామ్‌లని అనుకుని వెనక్కిచ్చినవాళ్లని నేను చూశాను.

ఇంకో తికమక కూడా ఉంది. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూస్తే 1333 ర్యామ్‌కి 665 అనో 667 అనో కనిపిస్తుంది. మోసం జరిగిందని కంగారు పడతారు. డీడీఆర్ అంటే డబుల్ డేటా రేట్, ఆ పేరులోనే జవాబుంది. గడియారం ఒకసారి కొట్టుకునేలోగా, పైకి లేచేటప్పుడు ఒకసారి, కిందికి దిగేటప్పుడు ఒకసారి, మొత్తం రెండుసార్లు డేటా వెళ్తుంది. సాఫ్ట్‌వేర్ చూపించేది గడియారం వేగం, స్టిక్కరు మీద ఉన్నది బదిలీల వేగం. మొదటిదాన్ని రెట్టింపు చేస్తే రెండోది వస్తుంది.

ముఖ్యమైన సంగతేమిటంటే, ఆ 1600 గరిష్ఠ హద్దు. అంతవరకు పరిగెత్తగలనని తయారీదారు ఇచ్చిన హామీ. అంత వేగంతోనే పరిగెత్తుతానన్న పట్టుదల ఆ స్టిక్కుకి లేదు.

దరువు బోర్డుది, అడుగు ర్యామ్‌ది

ఈ భయానికి మూలం ఒక అపోహ: వేగమైన ర్యామ్ తన వేగాన్ని బోర్డు మీదికి తోస్తుందని. ర్యామ్ స్టిక్కులో వేగాన్ని నిర్ణయించే గడియారం లేదు. గడియారం సంకేతం మెమరీ కంట్రోలర్ నుంచి, అంటే ర్యామ్‌కి ఆదేశాలిచ్చే భాగం నుంచి వస్తుంది. డప్పు కొట్టేవాడు కంట్రోలర్, ఆ దరువుకి అడుగు వేసేది ర్యామ్. వేగంగా ఆడగలిగినవాడు నెమ్మది దరువుకి నెమ్మదిగానే అడుగు వేస్తాడు. దానివల్ల డప్పుకేమీ కాదు.

ఈ కంట్రోలర్ ఎక్కడుంటుందో కూడా తెలియాలి. కోర్ 2 డ్యుయో రోజుల్లో అది మదర్‌బోర్డు మీద నార్త్‌బ్రిడ్జ్ చిప్పులో ఉండేది. చిన్నాన్న మొదటి సిస్టమ్‌లో జీ41 అన్నది అదే. ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ 2008లో మొదటి కోర్ ఐ7తో దాన్ని ప్రాసెసర్ లోపలికి తెచ్చాయి. కాబట్టి ఆ తరవాతి సిస్టమ్‌లలో "ఈ బోర్డు ఎంత వేగం తీసుకుంటుంది" అని అడిగితే సగం జవాబు ప్రాసెసర్ దగ్గరే ఉంటుంది. హెచ్61 బోర్డులో ఐ3 2100 ఉంటే 1333 దగ్గర ఆగుతుంది. బోర్డు ఒప్పుకుని, బయోస్ (స్విచ్ వేయగానే బోర్డులో మొదట నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసి, అదే సాకెట్‌లో 3వ తరం ఐ3 3220 పెడితే, ఇంటెల్ లెక్క ప్రకారం ఆ ప్రాసెసర్‌కి 1600 దాకా హక్కుంది.

మరి ఏ వేగంతో నడపాలో ఎవరు తేలుస్తారు? ప్రతి స్టిక్కు మీదా నల్లటి పెద్ద చిప్పుల మధ్య బియ్యపు గింజంత చిన్న చిప్పు ఒకటుంటుంది. దాన్ని ఎస్‌పీడీ అంటారు. స్టిక్కు ఏ రకం, ఎంత సామర్థ్యం, ఏ వేగానికి ఎంత వ్యవధి కావాలి అన్న వివరాలన్నీ అందులో రాసి ఉంటాయి. స్విచ్ వేసిన మొదటి క్షణాల్లో బయోస్ ప్రతి స్లాటులోని ఎస్‌పీడీనీ చదువుతుంది. కంట్రోలర్ హద్దుతో పోల్చి, అందరికీ కుదిరే అతి పెద్ద వేగాన్ని ఎంచుకుంటుంది. చిన్నాన్న హెచ్61లో పాతది 1333, కొత్తది 1600, కంట్రోలర్ హద్దు 1333. మూడిట్లో తక్కువది 1333, రెండు స్టిక్కులూ అదే దరువుకి నడిచాయి. అక్కడ కుదరకపోవడానికి ఏమీ లేదు.

గేజు వేరు, వేగం వేరు

మా వైపు వాళ్లకి నౌపడ–గుణుపురం లైను తెలుసు. ఒకప్పుడు రెండున్నర అడుగుల న్యారోగేజ్. 2004లో ఆ రైలు ఆపేసి, 2011 నాటికి గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్ వేశారు. ఎంత వేగంగా పోగల ఇంజనైనా బ్రాడ్‌గేజ్‌దైతే ఈ లైను అనుమతించిన వేగంతో నడుస్తుంది. కానీ ఆ ఇంజన్ని పాత న్యారోగేజ్ పట్టాల మీద పెట్టడమే కుదరదు.

ర్యామ్‌లో తరం అంటే గేజు. డీడీఆర్2 వోల్టేజీ 1.8, డీడీఆర్3ది 1.5, డీడీఆర్4ది 1.2, డీడీఆర్5ది 1.1. స్టిక్కు అడుగున ఉండే గంటు ఒక్కో తరానికి ఒక్కో చోట ఉంటుంది. డీడీఆర్2, డీడీఆర్3 రెండిటికీ 240 పిన్నులే ఉన్నా గంటు చోటు వేరు. డీడీఆర్4, డీడీఆర్5 రెండిటికీ 288 పిన్నులు, అక్కడా అంతే. బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది. వేగం తేడాని సిస్టమ్ తనంతట తాను సర్దుకుంటుంది, తరం తేడాని సర్దుకునే దారి లేదు.

సీఎల్ 22 అంటే సీఎల్ 15 కన్నా నెమ్మదా?

లెక్క తెలిసినవాళ్లు కూడా ఇక్కడ జారుతారు. సీఎల్ అంటే, అడిగిన డేటా బయటికి రావడానికి గడియారం ఎన్నిసార్లు కొట్టుకోవాలి అన్న అంకె. మామూలు డీడీఆర్4 3200 స్టిక్కు మీద సీఎల్ 22 ఉంటుంది. 2133 స్టిక్కు మీద 15 ఉంటుంది. 22 పెద్దది కాబట్టి కొత్తది నెమ్మదని అనిపిస్తుంది.

ఒక ఉదాహరణ. హెచ్110 బోర్డు, 6వ తరం ఐ3 6100. దాని డీడీఆర్4 హద్దు 2133. అందులో 3200 స్టిక్కు పెట్టామనుకుందాం.

3200 దగ్గర గడియారం ఒకసారి కొట్టుకోవడానికి 0.625 నానోసెకన్లు పడుతుంది. 22ని 0.625తో గుణిస్తే 13.75 నానోసెకన్లు. లోపలి చిప్పుకి నిజంగా కావలసిన వ్యవధి ఇదే. ఎస్‌పీడీలో రాసి ఉండేది కూడా ఈ నానోసెకన్ల లెక్కే. 2133 దగ్గర ఒక్కో కొట్టుకు సుమారు 0.94 నానోసెకన్లు. 13.75ని దానితో భాగిస్తే 14.6 చిల్లర. సగం కొట్టు ఉండదు కాబట్టి బయోస్ 15 అని రాసుకుంటుంది. అంటే 3200 స్టిక్కు 2133కి దిగితే, దాని సీఎల్ కూడా 22 నుంచి 15కి దిగింది. అసలు 2133 స్టిక్కు ఎలా నడుస్తుందో ఇదీ అలాగే నడుస్తుంది. తరాలు మారినా ఈ వ్యవధి 13, 14 నానోసెకన్ల దగ్గరే తచ్చాడుతోంది. డీడీఆర్3 1333 సీఎల్ 9 తీసుకున్నా 13.5 నానోసెకన్లే.

గేమింగ్ స్టిక్కుల సంగతి వేరు. వాటి మీద 3200 అని పెద్దక్షరాలతో ఉన్నా, ఆ వేగం చాలాసార్లు ఎక్స్‌ఎంపీ అనే విడి ప్రొఫైల్‌లో, 1.35 వోల్టుల దగ్గర మాత్రమే దొరుకుతుంది. ఎక్స్‌ఎంపీని ఆన్ చేసే వీలు లేని పాత బోర్డులో అవి తమ మామూలు ప్రొఫైల్‌కి, 2133కో 2400కో, దిగిపోతాయి. పనిచేస్తాయి. పెట్టిన అదనపు డబ్బుకి ఫలితం మాత్రం కనిపించదు.

అసలు పేచీ చిప్పుల లెక్కలో

ఇప్పుడు జీ41 దగ్గరికి వద్దాం. ఫోన్‌లో చిన్నాన్నని స్టిక్కరు చదవమన్నాను. "4జీబీ 1ఆర్‌ఎక్స్8 పీసీ3-12800యు" అని చదివాడు. చిప్పులు ఎన్నున్నాయో లెక్కపెట్టమన్నాను. ఒక పక్కే ఎనిమిది ఉన్నాయి, వెనక ఖాళీ. అక్కడే విషయం తేలిపోయింది.

4 జీబీ అంటే 32 గిగాబిట్లు. దాన్ని ఎనిమిది చిప్పులకి పంచితే ఒక్కోటి 4 గిగాబిట్ల చిప్పు. అదే 4 జీబీని రెండు పక్కలా కలిపి పదహారు చిప్పులతో కడితే ఒక్కోటి 2 గిగాబిట్లు. స్టిక్కరు మీద అది "2ఆర్‌ఎక్స్8" అని ఉంటుంది. రెండూ 4 జీబీలే, రెండూ 1600లే. పాత కంట్రోలర్‌కి మాత్రం ఇవి రెండూ ఒకటి కావు.

మెమరీ చిప్పు లోపల డేటా అడ్డ వరసలుగా, నిలువు వరసలుగా ఉంటుంది. ఏ వరసలోది కావాలో కంట్రోలర్ చిరునామా తీగల మీద చెప్పాలి. ఈ రకం డీడీఆర్3 2 గిగాబిట్ల చిప్పుకి అడ్డ వరస చెప్పడానికి 15 తీగలు చాలు. 4 గిగాబిట్లదానికి 16 కావాలి. చిన్నాన్న షాపులో ఆన్‌లైన్ ఫారాలు కూడా నింపుతారు కాబట్టి అలాగే చెప్పాను: ఫారంలో నంబరుకి 15 గళ్లే ఇచ్చారు, నీ నంబరుకి 16 అంకెలున్నాయి. ఎంత నిదానంగా రాసినా ఆ పదహారోది ఎక్కడ రాస్తావు?

జీ41 కాలపు బోర్డులూ, మొదటి తరం ఐ3, ఐ5లూ 2 గిగాబిట్ల చిప్పుల వరకే లెక్కవేసి కట్టినవి. 2వ తరం నుంచి 4 గిగాబిట్లు తీసుకుంటాయి. అందుకే హెచ్61 ఆ ఎనిమిది చిప్పుల స్టిక్కుని ఏ పేచీ లేకుండా తీసుకుంది. ఇదే గోడ ఒక మెట్టు పైన మళ్లీ వస్తుంది. 8 గిగాబిట్ల చిప్పులతో కట్టిన 16 జీబీ డీడీఆర్3 స్టిక్కులు 2, 3, 4 తరాల ఇంటెల్ సిస్టమ్‌లలో మామూలుగా లేవవు.

మాట మీద నమ్మించడం కాకుండా పరీక్షించి చూపించాలనిపించింది. మా దగ్గర పాత స్టిక్కుల డబ్బాలో 4 జీబీ, పదహారు చిప్పుల 1600 ఒకటి ఉంటే ఆ వారం పర్లాకిమిడి పట్టుకెళ్లాను. అదే జీ41లో, అదే స్లాటులో పెట్టాం. మొదటిసారి బీపే వచ్చింది. తీసి చూస్తే బంగారు పూత కాళ్లు మసకబారి ఉన్నాయి. పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, రబ్బరు పొట్టు ఊది, మళ్లీ పెడితే లేచింది. వేగం 1066. అదే 1600 అంకె ఉన్న స్టిక్కు, అదే 1066 బోర్డులో. కాబట్టి వేగానికీ ఆ బీప్‌కీ సంబంధం లేదు.

ఇంకా ఎక్కడెక్కడ అడ్డుపడుతుంది

వోల్టేజీ ఒకటి. డీడీఆర్3ఎల్ అని 1.35 వోల్టుల రకం ఉంది, స్టిక్కరు మీద పీసీ3ఎల్ అని ఉంటుంది. అది 1.5 వోల్టుల పాత బోర్డులో కూడా నడుస్తుంది. తిరగేస్తే కుదరదు: 1.35 మాత్రమే ఇచ్చే 4వ తరం ల్యాప్‌టాప్‌లలో మామూలు 1.5 వోల్టుల డీడీఆర్3 పనిచేయదు. గంటు ఒకే చోట ఉండటం వల్ల స్లాటులో మాత్రం చక్కగా కూర్చుంటుంది.

సర్వర్ల నుంచి తీసిన స్టిక్కులు చవగ్గా వస్తాయి. అంకెల చివర "యు" బదులు "ఆర్" ఉంటే అది రిజిస్టర్డ్ రకం, మామూలు డెస్క్‌టాప్ బోర్డు దాన్ని లేపదు. ఏఎండీకి మాత్రమే అని అమ్మే చవక స్టిక్కులు కూడా అలాంటివే. వాటి చిప్పుల అమరిక వేరు, ఇంటెల్ బోర్డు గుర్తుపట్టదు.

ఎక్కువ వేగం కొనడంలో అర్థం ఉందా: మూడు వాదనలు

ఒక వాదన మెకానిక్‌లది: బోర్డు చెప్పిన వేగమే కొను, అప్పుడు ఏ తకరారూ ఉండదు. దీన్ని కొట్టిపారేయలేను. బోర్డు పుట్టిన కాలంలోనే తయారైన 1333 స్టిక్కులో చాలాసార్లు ఆ బోర్డుకి తెలిసిన చిప్పులే ఉంటాయి. వాళ్ల అనుభవం నిజమే. తేడా వేగం వల్ల వచ్చిందనుకోవడమే పొరపాటు. వేగం అంకె ఇక్కడ స్టిక్కు వయసుకి గుర్తు మాత్రమే.

రెండోది, వేగమైనదే కొను, అది దిగి నడుస్తుంది, రేపు ప్రాసెసర్ మారిస్తే పనికొస్తుంది అనేది. సాంకేతికంగా సరైన మాటే. అయితే 1333 నుంచి 1600కి పోతే డేటా దారి 20 శాతం వెడల్పవుతుంది. కార్డు కంపోజింగ్‌కీ, ఫారాలకీ ఆ తేడా చేతికి తెలియదు. విడి గ్రాఫిక్ కార్డు లేకుండా, ర్యామ్‌నే గ్రాఫిక్స్‌కీ వాడుకునే సిస్టమ్‌లో మాత్రం కొంత కనిపిస్తుంది.

మూడోవాళ్లు, అసలు అంకెని వదిలేసి ఎన్ని స్టిక్కులున్నాయో చూడమంటారు. నాకు ఎక్కువ బరువున్నదిగా కనిపించేది ఇదే. 1333 స్టిక్కు ఒక్కటే ఉంటే సెకనుకి సుమారు 10.6 జీబీ దారి. సమానమైనవి రెండు, రెండు ఛానళ్లలో, అంటే కంట్రోలర్‌కి వెళ్లే రెండు విడి దారుల్లో ఉంటే 21.3 జీబీ. వేగం పెంచితే 20 శాతం, జత కలిపితే రెట్టింపు. ఆపైన, ర్యామ్ చాలక సిస్టమ్ హార్డ్ డిస్కు మీదికి వెళ్తే ఒక్కో వెతుకులాటకి దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ర్యామ్‌లో 100 నానోసెకన్లు అనుకున్నా లక్ష రెట్ల తేడా. చిన్నాన్న హెచ్61 ఇప్పుడు చురుగ్గా కదులుతోందంటే ఆ ఘనత 1600 అంకెది కాదు. 4 జీబీ 8 అవడం వల్లా, రెండో ఛానల్ తెరుచుకోవడం వల్లా వచ్చిన మార్పు అది.

గుర్తించినా వాడుకోలేని ర్యామ్

జీ41 కథలో ఒక ముడి మిగిలింది. 2 జీబీ పాతది, 4 జీబీ కొత్తది, బయోస్‌లో 6 జీబీ కనిపించింది. విండోస్ తెరుచుకున్నాక మాత్రం "6 జీబీ, వాడుకోగలిగింది 3.25 జీబీ" అని వచ్చింది. "మిగతాది ఏటైందిరా?" అన్నాడు చిన్నాన్న.

అందులో ఉన్నది 32 బిట్ విండోస్ 7. ఆ రకం విండోస్ మొత్తం 4 జీబీల వరకే చిరునామాలు ఇస్తుంది. అందులో కొంత గ్రాఫిక్స్‌కీ, బోర్డు మీది ఇతర భాగాలకీ పోతుంది, మిగిలింది మూడు చిల్లర. 64 బిట్ విండోస్ వేస్తే ఈ హద్దు పోతుంది. కానీ కార్డులు కంపోజ్ చేసే పేజ్‌మేకర్, తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు, ఏళ్ల తరబడి చేసిన కార్డుల ఫైళ్లు, అన్నీ ఆ పాత అమరికలోనే ఉన్నాయి. సీజను మధ్యలో దాన్ని కదపనివ్వనన్నాడు, అది న్యాయమే.

2 జీబీ స్టిక్కు తీసేసి, పదహారు చిప్పుల 4 జీబీ ఒక్కటే ఉంచి చూశాం. అప్పుడూ అదే 3.25 జీబీ వచ్చింది. తీసిన స్టిక్కుని కాగితంలో చుట్టి, పైన "డీడీఆర్3, 2 జీబీ, బాగుంది" అని రాసి సొరుగులో పెట్టాడు చిన్నాన్న. ఎనిమిది చిప్పుల స్టిక్కుని నేను బరంపురం తెచ్చుకున్నాను. 3వ తరం ఐ3తో ఎవరైనా వస్తే అది అక్కడ 1600తోనే నడుస్తుంది.